నల్లరేగడికి ఒక మేకు, కృష్ణ ఇసుకకి ఇంకొకటి

మా మావయ్యకి ప్రత్తిపాడు వైపు మిర్చి సాగు ఉంది. ఓ ఏప్రిల్ నెలలో కల్లం కాపలాకి నేనూ వస్తానని బయల్దేరాను. ట్రెక్కింగ్ కోసం కొనుక్కున్న పల్చటి నైలాన్ బరకం, తలా ఆరు గ్రాముల టైటానియం మేకులు సంచిలోంచి తీసి పరిచేసరికి ఆయన ఒకటి చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏరా అల్లుడూ, ఈ జడపిన్నులతోనా పందిరేసేది?"

మొదటి మేకు రెండు దెబ్బలకే విల్లులా వంగింది. రెండోది వెన్నలో కత్తిలా దిగింది, నేను మురిసిపోయాను. తెల్లవారుజామున గాలి లేచాక తెలిసింది, అది దిగింది నేలలోకి కాదు, నెర్రెలోకి. బరకం ఎగిరి పక్క కల్లంలో పడింది. మావయ్య తుమ్మకర్ర మేకులు మాత్రం కదల్లేదు. కొనేటప్పుడు నేను బరువొక్కటే చూశాను, అది దిగాల్సిన నేల సంగతి తలపుకే రాలేదు.

ఆ తర్వాత బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల నదిలో, కొండ మీద, బీచిలో, పొలంలో కట్టి, కొన్ని పోగొట్టుకుని, కొన్ని వంచుకుని నేర్చుకున్నది ఇది. వీపున మోసుకెళ్ళే చిన్న బరకం, అంటే మూడు మీటర్ల చదరం దాటనిది కట్టుకునేవాళ్ళకి పనికొస్తుంది. పెళ్ళి షామియానాకి కాదు. వాళ్ళు సమ్మెటతో దిగ్గొట్టే రెండడుగుల ఇనుప కమ్మీల ముందు మన లెక్కలన్నీ ఆటలే.

ముందు గాలి లెక్క

మేకు మీద పడే బరువు ఎంతో తెలిస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. గంటకు 40 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరుకి సుమారు ఏడున్నర కిలోల ఒత్తిడి. మూడు మీటర్ల చదరపు బరకాన్ని గోడలా నిలబెడితే తొమ్మిది చదరపు మీటర్లు, అంటే 65 కిలోలకి పైగా. అదే గాలి 60కి పెరిగితే ఒత్తిడి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. ఎండాకాలం సాయంత్రాలు ఉన్నట్టుండి లేచే గాలివానలో 60 అనేది పెద్ద విషయమేమీ కాదు. అందుకే బరకాన్ని ఎత్తుగా గోడలా కాకుండా, గాలొచ్చే వైపు అంచు నేలకి ఆనేలా వాలుగా కట్టాలి. అప్పుడు గాలి పైనుంచి జారిపోతుంది.

ఆ బరువు మేకులన్నిటి మీదా సమానంగా పడదు. గాలికి ఎదురుగా ఉన్న రెండు మూడింటి మీదే ఎక్కువ పడుతుంది. ఉన్నవాటిలో గట్టివి అటు పెట్టి, తేలికవి వెనకవైపు పెట్టండి. మన దగ్గర వేసవి మధ్యాహ్నం పడమటి వడగాలి, సాయంత్రానికి సముద్రం మీంచి వచ్చే గాలి మామూలు. ఉరుముల మబ్బు కనిపిస్తే మాత్రం ఈ లెక్క వదిలేసి మబ్బు ఏ దిక్కున ఉందో అటువైపే గట్టి మేకులు వేయండి. వానకి ముందొచ్చే ఈదురుగాలి ఎక్కువగా అక్కణ్ణించే వస్తుంది.

నేలని అడగడం

బరకం విప్పకముందే ఒకే ఒక్క మేకు తీసుకుని, కట్టబోయే నాలుగు మూలల్లోనూ చేత్తో నొక్కి చూడండి. ఒక మూల దిగి ఇంకో మూల దిగకపోవడం మామూలే. అరచేతి బలంతోనే మొత్తం దిగిపోతే అది మెత్తనేల: వెడల్పు మేకు కావాలి, పొడవూ కావాలి. చెప్పుకాలితో తొక్కితే కష్టంగా దిగితే మంచి నేల, ఏదైనా నిలబడుతుంది. రాయితో కొడితే తప్ప దిగకపోతే గట్టినేల: సన్నగా, వంగకుండా ఉండేది కావాలి. ఖణేల్‌మని శబ్దం వచ్చి ఆగిపోతే కింద బండ ఉంది, మేకు సంగతి మర్చిపోయి రాళ్ళు వెతుక్కోండి.

దిగిన మేకుని తల దగ్గర పట్టుకుని పక్కకి ఊపండి. చుట్టూ మట్టి కూడా కదిలితే నేల పట్టుకుంది. మేకు ఒక్కటే రంధ్రంలో టకటకా ఆడితే పట్టలేదు. నేను నెర్రెలో దిగ్గొట్టినప్పుడు ఈ పని చేసుంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

నల్లరేగడి

గుంటూరు వాళ్ళకి ఈ నేల గురించి చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే. కానీ పట్నంలో పెరిగిన పిల్లలకి తెలియని సంగతి ఒకటుంది: మే నెలలోనూ ఆగస్టులోనూ ఒకే చేలో నిలబడితే అవి రెండు వేర్వేరు నేలలు. ఈ మట్టిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ రకం బంకమట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పత్తి, మిర్చి బాగా పండేది ఈ తేమని దాచుకునే గుణం వల్లే. మేకు కొట్టేవాడికి మాత్రం అదే తలనొప్పి.

ఎండాకాలం అయితే నెర్రెకి జానెడు దూరంలో, రెండు నెర్రెల మధ్య ముక్క నడుమ కొట్టాలి. అంచుకి దగ్గరగా కొడితే ఆ మట్టిపెళ్ళే ఊడొస్తుంది. అల్యూమినియం మేకుని నేరుగా కొడితే తల నలిగిపోతుంది, టైటానియం సన్నది వంగుతుంది. కాబట్టి ముందు ఒక ఇనుప కమ్మీతో దారి చేసి, దాన్ని ఊపి తీసి, ఆ రంధ్రంలో అసలు మేకు వేయండి. రంధ్రం మేకు కంటే రెండు వేళ్ళు తక్కువ లోతు ఉంటేనే చివరి దెబ్బలకి మేకు బిగుస్తుంది. కొందరు నీళ్ళు పోసి మెత్తబెట్టమంటారు. నల్లరేగడిలో ఆ పని చేయకండి. రంధ్రం గోడలు పేస్టులా మారి మేకు జారుతుంది.

వానాకాలం సంగతి వేరు. తడి రేగడిలో సన్న మేకు పట్టు చిక్కినట్టే చిక్కి, నిలకడగా లాగుతూ ఉంటే రాత్రంతా కొంచెం కొంచెంగా పైకి జరుగుతుంది. పడుకునేటప్పుడు బిగువుగా ఉన్న తాడు తెల్లారేసరికి ఊయలైపోతుంది. ఇక్కడ 22 నుంచి 25 సెంటీమీటర్ల పొడవున్న వి ఆకారపు మేకు కావాలి, తెరుచుకున్న వైపు బరకం దిక్కుకి ఉండాలి. అంత పొడవు లేకపోతే జంట వేయండి: ముందు మేకు వెనక అడుగు దూరంలో, తాడు లాగే వరుసలోనే ఇంకోటి కొట్టి, ముందుదాని తలనీ వెనకదాని మొదలునీ పురికొసతో బిగించండి. ముందుది వాలబోతే వెనకది పట్టుకుంటుంది. అయినా వాన తెరిపిచ్చినప్పుడల్లా ఒకసారి లేచి తాళ్ళు బిగించక తప్పదు.

ఒండ్రు, ఎర్రమట్టి, గట్లు

తాడేపల్లి, ఉండవల్లి, పెనుమాక వైపు తోటల్లోని కృష్ణ ఒండ్రు మట్టి మేకుకి అమ్మ ఒడి లాంటిది. మరీ తడిసి ఉంటే తప్ప 15 సెంటీమీటర్ల టైటానియం కొంకి మేకులు కూడా చక్కగా నిలుస్తాయి. కాలవగట్టు మీద గరిక పట్టి ఉంటే ఇంకా మంచిది, వేళ్ళే వలలా పట్టుకుంటాయి. నూజివీడు వైపు మామిడితోటల ఎర్రమట్టిలో చిన్న రాళ్ళు తగులుతుంటాయి. మేకు పక్కకి తిరిగితే తీసి నాలుగు వేళ్ళు జరిపి కొట్టండి, మొండిగా కొట్టి వంచుకోకండి. తోటలో చెట్టే ఉంటే అంతకన్నా మేలైన మేకు లేదు. తాడు నేరుగా చుడితే బెరడు కోసుకుపోతుంది, మధ్యలో తువ్వాలో వెడల్పు పట్టీయో పెట్టండి. ఇంతకు మించి ఈ నేలల గురించి చెప్పేదేమీ లేదు.

ఇసుక

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. కృష్ణలో ఇసుక తిన్నె మీదైనా, బాపట్ల దగ్గర సూర్యలంకలోనైనా మామూలు మేకు ఎంత పొడుగుదైనా వెంట్రుకతో సమానం. పొడి ఇసుక రేణువులకి ఒకదాన్నొకటి పట్టుకునే గుణం లేదు. ఇసుక కోసం అమ్మే వెడల్పాటి, చిల్లుల అల్యూమినియం మేకులు ఉన్నాయి, ఒక్కోటి 20 గ్రాములకి అటూ ఇటూ. వాటిని నిలువుగా కొట్టడం కంటే అడ్డంగా పాతిపెట్టడం మేలు.

పాతిపెట్టే పద్ధతి ఇది. పై పొడి ఇసుకని చేత్తో తోసేసి, చేతికి చల్లగా తడి తగిలేదాకా, కనీసం అడుగు లోతు తవ్వండి. గుంట పొడవు తాడుకి అడ్డంగా ఉండాలి. మూరెడు సరుగుడు కర్రకి నడుమ తాడు కట్టి గుంటలో పడుకోబెట్టండి. బాపట్ల తీరంలో సరుగుడు తోటలకి కరువు లేదు, రాలిన కొమ్మ ఒకటి దొరక్కపోదు. చెట్టుది మాత్రం విరవొద్దు. తాడు బయటికి వచ్చే దారి గుంటలోంచి ఏటవాలుగా సన్నగా గీయాలి. అది మర్చిపోతే తాడు లాగినప్పుడల్లా కర్రని పైకి ఎత్తుతుంది, పాతిందంతా దండగ. తర్వాత తడి ఇసుకే ముందు వేసి కాలితో తొక్కండి.

కర్ర దొరక్కపోతే గుడ్డసంచి. ఇసుక లీటరుకి కిలోన్నరకి పైనే తూగుతుంది. పది లీటర్లు పట్టే సంచి నింపితే 15 కిలోలు దాటుతుంది, పైన కప్పిన ఇసుక బరువు అదనం. ఖాళీ సంచి మోసుకెళ్ళడానికి బరువే ఉండదు. నేను బీచికెళ్తే మేకులు రెండే పట్టుకెళ్ళి, కూరగాయల సంచులు ఆరు మడతపెట్టి పెట్టుకుంటాను. ఇంట్లో నవ్వుతారు.

కృష్ణలో పడుకోవాలనుకునేవాళ్ళకి ఓ మాట. ప్రకాశం బ్యారేజీకి దిగువనైనా, ఎగువనైనా, నది మధ్య తిన్నె మీద వానాకాలంలో రాత్రి బస వద్దు. వాన మన మీద పడకపోయినా పైన పులిచింతల నుంచి నీళ్ళు వదిలితే ఇక్కడ తిన్నెలు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మనమంతా చూసిందే. అలాగే తుపాను హెచ్చరిక ఉంటే సూర్యలంక వైపు చూడకండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటి గాలికి నిలిచే మేకు ఏ కొట్లోనూ అమ్మరు.

కొండ, బండ

కొండపల్లి అడవి, కొండవీడు, మంగళగిరి: ఎక్కడ చూసినా ఇదే వరస, పైన జానెడు మట్టి, కింద రాయి. మొదట ఒక మాట. రిజర్వు అడవిలో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. కోట గోడల సందుల్లో మేకులు దిగ్గొట్టడం మహాపాపం. ఆ గచ్చు ఒకసారి రాలిందంటే మళ్ళీ రాదు.

మట్టి లోతు తక్కువైన చోట మేకుని నిలువుగా కాకుండా బాగా ఏటవాలుగా కొడితే పొడవంతా మట్టిలోనే ఉంటుంది. పైన ఓ బరువైన రాయి పెట్టండి, తాడు మీద కాదు, మేకు తల మీద. అది కూడా కుదరని బండ మీద నాకు నచ్చిన పద్ధతి చిన్నరాయి, పెద్దరాయి. తాడు కొసని ఉచ్చుగా పిడికెడంత రాయికో కర్రముక్కకో కట్టి, తాడు లాగే దారిలో దాని ముందు, అంటే బరకం వైపు, ఎత్తగలిగినంత పెద్ద రాయి పెట్టండి. తాడు పెద్దరాయి పక్కగానో కిందుగానో వెళ్తుంది. చిన్నరాయి వెళ్ళి పెద్దరాయికి ఆనుకుంటుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. నేరుగా పెద్దరాయికే తాడు చుడితే రాత్రంతా గరుకు అంచుకి రాసుకుని తెల్లారేసరికి తెగుతుంది. ఇలా కడితే ఆ బాధ తక్కువ. రాయి ఎత్తేముందు కాలితో తన్నండి, కింద తేలు ఉంటే మీకన్నా అదే ముందు కదులుతుంది.

డాబా మీద కట్టుకునేవాళ్ళకి ఒక్క ముక్క: 20 లీటర్ల నీళ్ళ టిన్ను అంటే 20 కిలోల మేకు.

కొనేటప్పుడు

ఇనుము, అల్యూమినియం, టైటానియం: ఘనసెంటీమీటరుకి వరసగా దాదాపు 7.85, 2.8, 4.5 గ్రాములు. అల్యూమినియమే అన్నిటికన్నా తేలిక, కాకపోతే మెత్తన, అందుకే దాన్ని సన్న కడ్డీగా కాకుండా వి, వై ఆకారాల్లో చేస్తారు. ఆ రెక్కల వెడల్పు వల్లే నేలలో పట్టు. 7075 రకం మిశ్రమం అని రాసి ఉంటే గట్టిదన్నమాట, దాంట్లో జింకు కలుస్తుంది. 19 సెంటీమీటర్ల వై మేకు 14 గ్రాముల దాకా ఉంటుంది. ఒక్క రకమే కొనగలిగితే ఇదే కొనండి. మూడు రెక్కల వల్ల తిరగదు, వంగదు, మన నేలల్లో ఎక్కువ వాటికి సరిపోతుంది. తల దగ్గర గాడి అంచులు పదునుగా ఉంటాయి, కొన్నాక ఒకసారి ఆకురాయితో రుద్దకపోతే సన్న తాడు కోసేస్తాయి.

మూడు మిల్లీమీటర్ల టైటానియం కొంకి ఆరు గ్రాములు. ముచ్చటగా ఉంటుంది. మెత్తనేలలో గాలికి తాడు ఊగినప్పుడు కొంకి తిరిగిపోయి తాడు జారడం దాని జబ్బు. ఒండ్రులో, గట్ల మీద, గాలికి వెనకవైపు మూలలకి మాత్రమే నేను వాడతాను. కార్బన్ ఫైబర్ మేకులు ఒక సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను, కొండవీడు దారిలో రాయితో రెండు దెబ్బలు వేసేసరికి ఒకటి నిలువునా చీలింది. సుత్తి దెబ్బ దానికి పడదు. నొక్కితే దిగే నేలకే అది.

డబ్బు తక్కువైతే బెజవాడ వన్‌టౌన్ ఇనుప సామాన్ల కొట్లో ఆరంగుళాల మేకులు తీసుకోండి. ఆరు మిల్లీమీటర్ల మందం ఉంటే ఒక్కోటి 33 గ్రాములు. తల చిన్నది, తాడు జారుతుంది, కాబట్టి తల కిందుగా ఒక వాషరు ఎక్కించుకోండి. ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపులోనైనా కమ్మీ ముక్కలకి పైన కొంకి వంచి ఇస్తారు. కమ్మీ బరువు తేల్చడానికి మేస్త్రీల సూత్రమే: మందాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు. ఎనిమిది మిల్లీల కమ్మీ మీటరు 395 గ్రాములు, అంటే పావు మీటరు ముక్క దాదాపు 99. ఇవి పది తీసుకుంటే కిలో. అందుకే అన్నీ అవే వద్దు. దారి చేయడానికి ఒక్కటి చాలు.

నా సంచిలో ఇప్పుడు ఉండేది: వై మేకులు నాలుగు, 25 సెంటీమీటర్ల వి మేకులు రెండు, టైటానియం కొంకులు మూడు, ఇనుప కమ్మీ ఒకటి. మొత్తం 215 గ్రాముల దగ్గర. అందులో దాదాపు సగం ఆ కమ్మీదే. వానాకాలంలో కమ్మీ ఇంట్లో వదిలి ఇంకో రెండు వి మేకులు వేసుకుంటాను. బీచికైతే చెప్పానుగా, సంచులు.

కొట్టడం, కట్టడం

మేకు తల బరకానికి దూరంగా వాలాలి. బరకం నుంచి వచ్చే తాడూ మేకూ కలిసే చోట దాదాపు లంబకోణం వస్తే చాలు. మరీ పడుకోబెడితే మెత్తనేలలో లోతు పోతుంది. తాడుని మేకుకి నేల దగ్గరగా చుట్టాలి. మేకు రెండంగుళాలు పైకి ఉండి తాడు దాని తల మీద ఉంటే గునపంతో పెకలించినట్టే అవుతుంది.

మేకు కన్నా ముఖ్యమైనది తాడు పొడవు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. బరకం కొస మీటరు ఎత్తులో ఉంటే, మేకుని ఒక మీటరు దూరంలో కొడితే తాడు 45 డిగ్రీలు లేస్తుంది, లాగే బలంలో 70 శాతం మేకుని పైకి పీకుతుంది. అదే 1.7 మీటర్ల దూరంలో కొడితే 30 డిగ్రీలు, పైకి పీకేది సగమే. అదనంగా ఓ మీటరు తాడు బరువు నాలుగైదు గ్రాములు. మేకు పొడవు పెంచడం కంటే చవక.

చవక బరకాలకి మూల ఐలెట్లు, అంటే తాడు దూర్చే రింగుల చిల్లులు, మేకు కంటే ముందే చిరుగుతాయి. నున్నటి గులకరాయిని బరకం లోపలివైపు పెట్టి, బయటినుంచి పురికొసతో మెడలా కట్టి, అక్కణ్ణించి తాడు తీయండి. కల్లాల్లో ఎప్పట్నుంచో చేసేదే.

తీసేటప్పుడు తాడు పట్టుకుని గుంజకండి. ఇంకో మేకుని తల కొంకిలో దూర్చి, పక్కకి ఊపి, దిగ్గొట్టిన వాలులోనే పైకి లాగండి. రేగడి మట్టి అంటుకుంటే రెండు మేకులు ఒకదానితో ఒకటి కొట్టి రాల్చండి, ఇంటికొచ్చాక కడగొచ్చు. తలలకి ఎర్రరంగు వేసుకోండి, గడ్డిలో కనిపిస్తాయి. పొలంలో ఒక్కటి మిగిలిపోయినా ట్రాక్టరు టైరుకో, ఎద్దు గిట్టకో, చెప్పుల్లేని కూలీ కాలికో దిగుతుంది. ఆ ఏప్రిల్ పొద్దున మావయ్య నా బరకం సంగతి అడగనేలేదు. "ఎన్ని పాతావు? ఎన్ని తీశావు?" అన్నాడు. తొమ్మిది పాతాను, ఎనిమిదే దొరికాయి. తొమ్మిదోదాని కోసం ఇద్దరం ఎండెక్కేదాకా నెర్రెల్లో వెతికాం.